అన్న పేరు మీద జాగా

అల్వాల్‌లో అబ్బాస్‌ను ఎరగని ముసలివాళ్ళు లేరు. జాగాల బేరం చేసే మనిషి. సైకిలు దిగి, చెప్పులు విడిచి, ఆ నేల మీద నాలుగడుగులు నడిచి, "తీస్కో అన్నా, దీంట్ల నీళ్ళున్నయి" అనేవాడు. అలా ఎంతోమందికి ఇళ్ళ స్థలాలు ఇప్పించాడు. ఆయన మటుకు బతికినన్నాళ్ళూ రెండు గదుల్లో ఒక్కడే ఉన్నాడు. ఆ గదులకు పోవాలంటే ముందున్న వేరేవాళ్ళ ప్రహరీ పక్కన సందులోంచి ఒళ్ళు వంచుకుని పోవాలి. "ఊరందరికీ సడక్ మీద జాగాలు ఇప్పించినోడు తను సందుల ఉంటడేంది?" అని నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం తెలుసు? ఆయన్ను ఆ సందులోకి నెట్టిన కేసు కాగితాలు రాసింది నేను.

నా పేరు జీవరాజు. సికింద్రాబాద్‌లో మధుసూదన్ వకీలు దగ్గర ముప్పైయేళ్ళు గుమాస్తాగిరీ చేశాను. ఆ ముప్పైయేళ్ళలో నాకు అబ్బాస్ తెప్పించినంత కోపం ఇంకెవరూ తెప్పించలేదు. ఇక్కణ్ణించి వాడు, వీడు అనే అంటాను. నేను చెప్పే రోజులనాటికి వాడికి ఇరవయ్యేళ్ళు.

వాళ్ళది మెదక్ దిక్కు దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, నమాజు అరబ్బీ, అబ్బాస్ చదివిన బడి ఉర్దూ. తల్లీ తండ్రీ ఒకే ఏడు కలరాకు పోతే, పద్నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న అల్లాఉద్దీన్ తమ్ముణ్ణి భుజాన వేసుకుని సికింద్రాబాద్ వచ్చాడు. దర్జీ పని నేర్చుకున్నాడు. రాణిగంజ్ వెనకాల ఒక్క గది. అందులో సగం కుట్టుమిషనుది, మిగతా సగం ముగ్గురు మనుషులది: అల్లాఉద్దీన్, అతని భార్య నూర్‌బీ, అబ్బాస్. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. అబ్బాసే పిల్లవాడు. వాణ్ణి చదివించి కచేరీలో కుర్చీ మీద కూర్చోబెట్టాలని అన్నగారి పంతం.

ఎవడు గుడ్డ తెస్తే వాడికి కుట్టడం దర్జీ ధర్మం. అల్లాఉద్దీన్ తెల్ల సోల్జర్లకు కుట్టాడు, నిజాం సిపాయిలకు కుట్టాడు, నలభై ఏడు నలభై ఎనిమిదిలో రజాకార్లు ఖాకీ తానులు తెచ్చి పడేస్తే వాళ్ళకూ కుట్టాడు. కుట్టనంటే ఊరుకునేవాళ్ళా వాళ్ళు? సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ ఐదు రోజుల్లో అయిపోయింది. నెల తిరిగాక పోలీసులు అల్లాఉద్దీన్‌ను ఠాణాకు పిలిపించి పదకొండు రోజులు కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. ఎన్ని అంగీలు కుట్టావు, ఎవరెవరికి కుట్టావు, అదే ప్రశ్న. తిరిగొచ్చిన మనిషి మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. వీధిలో బూట్ల చప్పుడైతే మిషను ఆపేసేవాడు. చప్పుడు దూరమయ్యాక కూడా చాలాసేపు మిషను కదిలేది కాదు. నూర్‌బీ అన్నదమ్ములు అప్పటికే కరాచీ చేరి, వచ్చెయ్యండి వచ్చెయ్యండి అని ఉత్తరాలు రాస్తున్నారు.

అబ్బాస్ కష్టం వేరే. అప్పటిదాకా ఉర్దూలో చెప్పిన కాలేజీ చదువు ఉన్నట్టుండి ఇంగ్లీషుకు మారింది. పగలు అర్థంకాని పాఠాలు, సాయంత్రం రెండిళ్ళలో పిల్లలకు ట్యూషన్లు, ఆదివారం పొద్దున మోండా మార్కెట్‌లో ఒక విచిత్రమైన కొలువు. ఆ రోజుల్లో భూముల కాగితాలన్నీ ఉర్దూలో ఉండేవి. కూరగాయలు తెచ్చే తెలుగు రైతులకు అవి ఏ లిపో కూడా తెలియదు. అబ్బాస్ వంకాయల గంపల పక్కన గొంతుక్కూర్చుని వాళ్ళ పట్టాలు, నోటీసులు తెలుగులో చదివి చెప్పేవాడు. కాగితానికి ఒక అణా, కొసరు నాలుగు వంకాయలు.

పరుల భూముల కాగితాలు చదివి చదివి వాడికి భూమి పిచ్చి పట్టింది. ఆ ఏడు ఎవర్ని చూసినా అమ్మేవాళ్ళే. పోయేవాళ్ళు పోతూ అమ్మారు, ఉండేవాళ్ళు భయపడి అమ్మారు. కొనేవాడు లేక ధరలు నేల మీద పడున్నాయి. దళారులు కూడా దుకాణాలు మూసేసి చాయ్ తాగుతున్న కాలంలో, కాళ్ళకు చెప్పుల్లేని ఈ కాలేజీ పిల్లాడు జాగాలు అడగడం మొదలుపెట్టాడు. "సబ్బుకు పైసల్లేవుగని జాగ కొంటవారా?" అని మార్కెట్లో అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఇంగ్లీషు రాక భూములమీద పడ్డాడని కాలేజీలో అనుకున్నారు.

కానీ వాడి లెక్క వాడికుంది. రాజ్యం ఎవరిదైనా బొల్లారం మిలిటరీ దండు కదలదు. దండు ఉన్నన్నాళ్ళు అల్వాల్ మీదుగా సడక్ ఉంటుంది, సడక్ పక్క జాగాకు ఎప్పటికైనా ధర వస్తుంది. సడక్ దిక్కు రెండు దుకాణాలు వెయ్యాలి. ఒకటి అన్నకు, ఒకటి కిరాయికి. వెనక ఇల్లు. ఆ కిరాయితో ఇంకో జాగా. ఇదంతా పైకి చెప్పే లెక్క. లోపలి లెక్క ఇంకొకటుంది, అది నాకు తర్వాత చెప్పాడు: "సొంత జాగ ఉన్నోడు దేశం ఇడిసి పోడు కద, గుమాస్తా సాబ్."

అల్వాల్ రైతు భద్రయ్య, వాడు కాగితాలు చదివిపెట్టే వంకాయల ఆసామి. సడక్‌కు ఆనుకుని నాలుగు వందల గజాల ముక్క అమ్ముతానన్నాడు. బయానా ఇయ్యడానికి కూడా అబ్బాస్ దగ్గర ఏమీ లేదు. భద్రయ్య కాసేపు గడ్డం గోక్కుని, "నెలకింత తెచ్చియ్యి. పైసలు తీరేదాంక నేనే దున్నుకుంట, కూరగాయలు నీకు సుత ఇస్త. మాట అంటె మాటే" అన్నాడు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పాతారు. అంతే, కాగితం లేదు, కలం లేదు. పదిహేను నెలలు అబ్బాస్ ప్రతి నెలా మొదటి ఆదివారం రాణిగంజ్ నుంచి అల్వాల్ దాకా నడిచి వెళ్ళి డబ్బిచ్చి, నడిచి వచ్చాడు. బండి కిరాయి పెడితే నెల బాకీకి తక్కువపడుతుందని నడక. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

దస్తావేజు రాసే రోజు వచ్చింది. రాసేవాడు కలం ముంచి, "ఎవరి పేరు?" అన్నాడు.

"షేక్ అల్లాఉద్దీన్" అన్నాడు అబ్బాస్.

భద్రయ్య ఉలిక్కిపడ్డాడు. "గాయనెవరు? నీ అన్ననా? పైసలు నీవి, నడిచిన కాళ్ళు నీవి. నీ పేరే రాయించుకో బిడ్డా."

"పెద్దాయన ఉండంగ నా పేరేంది కాకా? నలుగురు ఏమంటరు?"

ఇది ముస్లింలకే ఉన్న జబ్బని ఎవరూ అనుకోకండి. మనందరికీ ఉన్నదే. ఇంట్లో పెద్దవాడుండగా చిన్నవాడు తన పేరున రాయించుకుంటే కళ్ళు నెత్తికెక్కాయంటారు. ఈ మర్యాదకు పోయి మునిగిన కుటుంబాల కాగితాలు నేను కట్టలుకట్టలుగా చూశాను. మర్యాద మర్యాదగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, కచేరీకి ఎక్కాక దానికి విలువ లేదు.

ఆ సాయంత్రం దస్తావేజు అన్న చేతిలో పెట్టాడు. అల్లాఉద్దీన్ చేతులు తుడుచుకుని తీసుకున్నాడట. ఉర్దూలో తన పేరు ఎక్కడుందో తమ్ముడు వేలుపెట్టి చూపిస్తే, ఆ పేరు మీద బొటనవేలు పెట్టి, "పిచ్చోడా, పిచ్చోడా" అని రెండుసార్లు అన్నాడట. నూర్‌బీ సేమ్యా వండింది. ఇక అన్న పోడని అబ్బాస్ ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాడు.

మూడు నెలలకు అల్లాఉద్దీన్ మిషను అమ్మేశాడు.

"నువ్వు సుత రారా" అన్నాడు తమ్ముడితో.

"మరి జాగ?"

"జాగ ఏడికి పోతది? నువ్వు సూస్కో. జెర సల్లబడంగనే మేమే వస్తం."

వీడు ఏడ్చాడు, అలిగాడు, ఒకపూట తినలేదు. నూర్‌బీ కూడా ఏడ్చింది. అన్న భయం ముందు అవేవీ ఆనలేదు. బొంబాయి రైలెక్కి, అక్కడ ఓడెక్కి వాళ్ళు పోయారు. అన్నను రైలెక్కించి వచ్చిన అబ్బాస్ గదిలో నేల మీద మిషను కాళ్ళ గుర్తులు నాలుగు చూశాడు. ఇప్పుడు గదంతా వాడిదే. అయినా ఆ సగంలో వాడు చాప పరవలేదు. ఏడాదిపాటు గోడవారనే, మునుపు పడుకున్నచోటే ముడుచుకుని పడుకున్నాడు.

ఒంటరితనం అనే మాట మనం ఊరికే వాడేస్తాం. వాడి ఒంటరితనం ఎలాంటిదంటే, పొద్దున లేచి సాయంత్రం దాకా తన పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కరుండేవాళ్ళు కాదు. కాలేజీలో హాజరు పిలిచినప్పుడే తన పేరు వినేవాడు. పరీక్ష తప్పాక ఆ పిలుపు కూడా పోయింది. రంజాన్ పండగనాడు నమాజు చదివి, అలాయ్ బలాయ్ చేసుకోవడానికి దగ్గరివాళ్ళెవరూ లేక, కొత్త అంగీ తొడుక్కుని అల్వాల్ దాకా నడిచి పోయాడు. భద్రయ్య పాదులో నీళ్ళు పెడుతున్నాడు. వీడు పోయి గభాలున వాటేసుకున్నాడు. భద్రయ్యకు ఏం చెయ్యాలో తోచక, బురద చేతులు దూరంగా పెట్టుకుని నిలబడి, ఆఖరికి ఒక ఆనపకాయ కోసిచ్చాడు. ఈ సంగతి నాకు భద్రయ్యే చెప్పాడు. చెప్పి, "నేను సుత పట్టుకోవల్సింది సారు, బురద అంటుతదని ఊకున్న" అని బాధపడ్డాడు.

యాభై ఒకటిలో నోటీసు వచ్చింది. పాకిస్తాన్ వెళ్ళిపోయినవాళ్ళ ఆస్తులు సర్కారు స్వాధీనం చేసుకునే చట్టం అప్పటికి అమల్లో ఉంది. అల్వాల్ జాగా షేక్ అల్లాఉద్దీన్ పేరున ఉంది, అల్లాఉద్దీన్ కరాచీలో ఉన్నాడు, కాబట్టి జాగా సర్కారుది. అభ్యంతరం ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి.

అబ్బాస్ భద్రయ్యను వెంటబెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. ఫీజుకు బదులు ఆరు నెలలు మా పాత ఉర్దూ కాగితాలు చదివిపెట్టేటట్టు ఒప్పందం. మధుసూదన్ వకీలుగారు అంతా విని, "కేసు బాగానే ఉంది. నీ అన్నది పేరు మాత్రమే, డబ్బంతా నీదని రుజువు చేస్తే జాగా మొత్తం నీకొస్తది" అన్నారు. నన్ను పిలిచి, "వీడికి నాలుగు ముక్కలు నేర్పించు" అన్నారు.

నేర్పించాను. మా ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టి మూడు రోజులు చిలక్కు చెప్పినట్టు చెప్పాను. అన్న నీకు ఏమీ ఇవ్వలేదు. ఫీజు ట్యూషన్ల డబ్బుతో కట్టుకున్నావు. తిండి ఎక్కడ తిన్నావు? హోటల్లో. ఎవరి డబ్బుతో? నా డబ్బుతో. "అన్న దగ్గర తిన్నానంటివా, నీ సంపాదన మిగిలింది ఆయన తిండి పెట్టబట్టే కదా అంటారు. సగం ఆయన వాటా అంటారు. ఆ సగం సర్కారు పట్టుకుపోతుంది. అర్థమైందా?" తలూపాడు. వాడు తలూపితే అర్థమైందనుకున్న నాదీ బుద్ధి తక్కువే.

విచారణ రోజు భద్రయ్య తలపాగా మార్చుకుని వచ్చి, సింహంలాగా చెప్పాడు. "పైసలు గీ పిలగాడే తెచ్చిండు దొరా. పదిహేను నెలలు నడుసుకుంటొచ్చి ఇచ్చిండు. ఆయనన్న మొకం నేను సూడనే లేదు." వకీలుగారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. కేసు గెలిచినట్టే.

ఆఫీసరు కోస్తా వైపునుంచి వచ్చిన నెమ్మదస్తుడు. కాగితాలు మూసి, కళ్ళద్దాలు తీసి, మామూలుగా అడిగాడు. "ఏమయ్యా, చదువుకునే రోజుల్లో నీకు అన్నం ఎవరు పెట్టేవారు?"

నేను వెనకనుంచి దగ్గాను. వకీలుగారు, "చెప్పు, హోటల్లో కదా" అన్నట్టు గడ్డం కదిపారు. వాడు మా ఇద్దర్నీ చూశాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "మా అన్న సార్. వదిన వండేది" అన్నాడు.

"ఫీజు?"

"అన్ననే కట్టిండు సార్."

"అంటే నీ సంపాదన నీకు మిగలడం ఆయన చలవే."

"అవును సార్."

అయిపోయింది. నాలుగు వందల గజాల్లో సగం అల్లాఉద్దీన్ వాటా అని తేల్చారు. అమీను వచ్చి గొలుసు లాగి కొలిచి, సడక్ దిక్కు రెండు వందల గజాలు సర్కారుకు, వెనక రెండు వందల గజాలు అబ్బాస్‌కు పంచాడు. లోపలికి పోవడానికి పక్కన మనిషి పట్టే సందు. దుకాణాలు, కిరాయి, ఇంకో జాగా, అన్నీ ఆ గొలుసుతో పోయాయి. సడక్ పక్క సగం తర్వాత వేలంలో ఎవరో కొనుక్కున్నారు.

కచేరీ మెట్లు దిగుతుంటే నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. "బుద్ధుందారా నీకు? గాడిదకు చెప్పినా ఈపాటికి ఒంటబట్టేది. నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకున్నావు!" పక్కన భద్రయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు.

అబ్బాస్ కోప్పడలేదు. "ఏం జేయాలె గుమాస్తా సాబ్? హోటల్ల తిన్న అందామనే నోరు తెరిసిన. వదిన నాకు పెట్టి తను గంజి తాగిన దినాలున్నయి. అది కాదని ఎట్లంట?"

నా కోపం తగ్గలేదు. ఒట్టు వేసి చెబుతున్నాను, ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. నిజం చెప్పినవాడికి సందు, వేలం పాడినవాడికి సడక్. ఇదేం న్యాయం?

వారం తర్వాత మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ఒక ఉత్తరం, కవరు. అల్లాఉద్దీన్ మిషనరీ బడిలో మూడు తరగతులు తెలుగు చదివాడు, అందుకని అన్నదమ్ముల ఉత్తరాలు తెలుగులోనే. కానీ కవరు మీద తెలుగు రాస్తే కరాచీలో ఎవరు చదువుతారు? అడ్రసు ఇంగ్లీషులో నా చేత రాయించుకునేవాడు. వీడి ఇంగ్లీషు మీద వీడికి నమ్మకం లేదు. నేను కవరు తీసుకుంటుంటే ఉత్తరం మడత విడిపోయి బల్ల మీద పడింది. చదవకూడదు. చదివాను.

"అన్నా, వదినకు సలాం చెప్పు. నేను మంచిగున్న. జాగ సుత మంచిగున్నది. నాలుగు వందల గజాలు ఉన్నదున్నట్టే ఉన్నది, నీ పేరు మీదనే ఉన్నది. సడక్ దిక్కు నీ దుకాణానికి తలుపు ఎటు పెట్టాలెనో రాయి. మీరొచ్చేదాంక ఎవ్వరినీ అడుగు పెట్టనియ్య."

నాకు ఒళ్ళు మండింది. "ఇదేందయ్యా? కచేరీలో ఒక్క అబద్ధం ఆడితే జాగా మొత్తం దక్కేది. అక్కడ నోరు రాలేదు. ఇక్కడ ఇన్ని అబద్ధాలా? ఇవెందుకు?"

వాడు ఉత్తరం తీసుకుని మళ్ళీ మడతపెట్టాడు. "జాగ పోయిందని తెలిస్తే ఇంక ఆయన ఈడికి ఎందుకొస్తడు సాబ్?"

"ఎందుకేమిటి? నువ్వున్నావు కదా ఇక్కడ!"

అబ్బాస్ నా మొహంలోకి చూశాడు. కళ్ళలో నీళ్ళు లేవు, గొంతు కూడా మామూలుగానే ఉంది.

"ఆయన పోయిననాడు సుత నేను ఈడనే ఉన్న కద, గుమాస్తా సాబ్."

నేను కవరు దగ్గరికి లాక్కుని, సిరాలో కలం ముంచి, కరాచీ అడ్రసు రాసిచ్చాను.